సంచార కాటా చూపే అంకెతో పాటు తూచిన తీరు కూడా నమోదు కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పరిమితికి మించిన బరువుతో వెళ్తున్న లారీని ఆపి తూచారనీ, ఇన్ని టన్నుల ఇన్ని కిలోలు ఎక్కువగా తేలిందనీ పత్రికల్లో తరచు చదువుతుంటాం. ఆ అంకెను కిలోతో సహా అచ్చు వేస్తారు గానీ, దాన్ని ఏ పరికరం చూపింది, లారీని ఎలాంటి నేల మీద నిలబెట్టి తూచారు, ఆ పరికరానికి ఎంత తేడా అనుమతించారు అన్న వివరాలు వార్తలోనూ ఉండవు, చాలాసార్లు తూకం చీటీలోనూ ఉండవు. తూనిక పరికరాల పరీక్షలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాణ్ని కాబట్టి ఈ లోటు నన్ను బాధిస్తోంది. వాహనం ఉన్న చోటికే తీసుకెళ్లి తూచే సంచార కాటాలు ఇంకా విరివిగా రావాలని కోరుకునేవాణ్ని నేను. వాటి మీద జనానికి నమ్మకం నిలబడాలంటే అవి చూపే అంకెతో పాటు ఆ అంకె ఎలా వచ్చిందో కూడా కాగితం మీదికి రావాలని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఈ పరికరాల అవసరం గురించి కొంత చెప్పాలి. కాంక్రీటు పునాది మీద కట్టిన శాశ్వత వేబ్రిడ్జి మీద లారీ మొత్తం ఒకేసారి నిలబడుతుంది, పునాది కదలదు, ఎక్కే దారీ దిగే దారీ చదునుగా ఉంటాయి. కచ్చితత్వంలో సంచార కాటా దానికి సాటి రాదు. అయితే వేబ్రిడ్జి ఉన్న చోటే ఉంటుంది. అది ఏ మలుపు దాటాక వస్తుందో బరువు బండి నడిపేవారికి ముందే తెలుసు, దాన్ని తప్పించుకునే పక్క దారి కూడా తెలుసు. పైగా వేబ్రిడ్జి చీటీలో సాధారణంగా మొత్తం బరువే ఉంటుంది గానీ, ఏ ఇరుసు మీద ఎంత భారం పడుతోందో ఉండదు. రోడ్డును పాడుచేసేది మాత్రం ఆ ఇరుసు భారమే. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం దగ్గర ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద వేర్వేరు బరువుల లారీలను పదేపదే తిప్పి పెద్ద ప్రయోగం చేశారు. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు భారానికి సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని అప్పుడు తేలింది. అంటే ఒక ఇరుసు మీద పది టన్నులకు బదులు పన్నెండు టన్నులు వేస్తే భారం పెరిగేది ఇరవై శాతమే అయినా నష్టం రెట్టింపు దాటుతుంది. పదిహేను టన్నులు వేస్తే ఐదు రెట్లవుతుంది. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, సరుకంతా వెనక్కి చేరి ఒక్క ఇరుసు మీద పడినా జరిగే నష్టం అదే. ఇక బ్రేకులు, టైర్లు, వంతెనల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇరుసు వారీగా, చక్రం వారీగా, అనుకున్న చోట, అనుకున్న వేళ తూచగల సాధనం లేకుండా ఏ నియమమూ అమలు కాదు.

ఆ సాధనం చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒకరో ఇద్దరో మోయగలిగే అల్యూమినియం పలకలు, వాటి నుంచి వచ్చే కేబుళ్లు, చేతిలో పట్టుకునే చిన్న ఇండికేటర్, ఒక ప్రింటర్. పలక లోపల ఉండేది లోడ్ సెల్. భారం పడినప్పుడు లోహం కంటికి కనిపించనంత సాగుతుంది లేదా నొక్కుకుపోతుంది. దానికి అంటించిన సన్నని స్ట్రెయిన్ గేజ్ కూడా అంతే సాగి, దాని విద్యుత్ నిరోధం ఆ మేరకు మారుతుంది. ఇలా అంటించే గేజ్‌ను 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా విడివిడిగా రూపొందించారు. నాలుగు గేజ్‌లను వీట్‌స్టన్ బ్రిడ్జి అనే విద్యుత్ వలయంగా కలిపి, ఆ కొద్ది మార్పును వోల్టేజిగా చదువుతారు. ఆ వోల్టేజి ఎంత చిన్నదో ఒక్క లెక్కతో చూపిస్తాను. సాధారణంగా వాడే లోడ్ సెల్‌కు పది వోల్టులు ఇస్తే పూర్తి భారం మీద అది తిరిగి ఇచ్చేది ఇరవై మిల్లీవోల్టులు. పది టన్నుల సెల్ అనుకుంటే ఒక కిలోకు వచ్చేది రెండు మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పది లక్షల వంతులు రెండు. కేబుల్ కనెక్టర్‌లోకి దిగిన చెమ్మ, లారీ చక్రం కింద నలిగిన తీగ, ఎండలో పలక ఒక వైపే వేడెక్కడం వంటివి ఇంత చిన్న సంకేతాన్ని సులువుగా కదిలిస్తాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు పలకను కాసేపు ఆ చోటి వేడికి అలవాటు పడనిచ్చి, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపుతోందో లేదో చూసుకోవాలి. ప్రతి బండి దిగిపోయాక మళ్లీ సున్నాకు వస్తోందో లేదో గమనించాలి. బండి దిగాక ఇండికేటర్ నలభై కిలోలు చూపుతుంటే, అప్పటిదాకా తీసిన తూకాల మీద ఆధారపడకూడదు.

పరికరానికి అనుమతించే తేడా సంగతికి వస్తాను. చట్టబద్ధ తూనికలు కొలతల విషయంలో దేశాలన్నిటికీ ఉమ్మడి సిఫార్సులు చేసే సంస్థ ఓఐఎంఎల్ 1955లో ఏర్పడింది. నిలబెట్టి తూచే పరికరాలకు దాని 76వ సిఫార్సు ఆధారం. అందులోని తరగతుల్లో చక్రాల కింద పెట్టే పలకలు సాధారణంగా ఆఖరిదైన నాలుగో తరగతి కిందికి వస్తాయి. పది టన్నుల సామర్థ్యంతో, 50 కిలోల అంచెల్లో చూపే పలకను తీసుకుందాం. పరీక్షించి కొత్తగా ముద్ర వేసేటప్పుడు, రెండున్నర టన్నుల పైబడిన భారం మీద దానికి 50 కిలోల వరకు అటూ ఇటూ తేడాను అనుమతిస్తారు; వాడుకలో ఉన్న పలకకు అది రెట్టింపై వంద కిలోలవుతుంది. ఇది లోపం కాదు, మోసమూ కాదు. చేతితో మోసుకెళ్లే పలుచటి పలక నుంచి ఆశించదగిన కచ్చితత్వం అంతే. ఆరు చక్రాల కింద ఆరు పలకలు పెట్టి కూడితే వచ్చే మొత్తంలో ఆ తేడాలు కొంతవరకు ఒకదాన్ని ఒకటి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు కూడా. అలాంటి మొత్తాన్ని కిలోల దాకా అచ్చు వేస్తే, పరికరం ఎన్నడూ ఇవ్వని హామీని మనం పాఠకుడికి ఇచ్చినట్టవుతుంది.

అదే సిఫార్సులో చాలామంది గమనించని మాట ఒకటుంది. సంచార పలకల సమూహంతో వాహనం మొత్తం బరువును తేల్చడానికి ఆ సిఫార్సు వర్తించాలంటే, వాహనం చక్రాలన్నీ ఒకే సమయంలో పలకల మీద ఉండాలి. రెండే పలకలతో ముందు ఇరుసును తూచి, బండిని జరిపి వెనక ఇరుసును తూచి, రెండూ కూడి మొత్తం అని రాయడం ఈ నిబంధన కిందికి రాదు. అలా ఎందుకు పెట్టారో నేల మీద జరిగేది చూస్తే తెలుస్తుంది.

రోడ్డు వంపు ఎంత చిన్నదైనా భారం ఒక ఇరుసు నుంచి ఇంకో ఇరుసుకు జరుగుతుంది. పదహారు టన్నుల రెండిరుసుల లారీ ఉందనుకోండి. ఇరుసుల మధ్య దూరం ఐదు మీటర్లు, గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంది. నూటికి రెండు చొప్పున వాలు ఉన్న రోడ్డు మీద దాన్ని నిలబెడితే, పై వైపు ఇరుసు నుంచి దిగువ ఇరుసు మీదికి దాదాపు వంద కిలోలు జరుగుతాయి. రెండిరుసులనూ ఒకేసారి తూచి కూడితే ఆ వంద ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతుంది కాబట్టి మొత్తం దెబ్బతినదు. వాలు వల్ల మొత్తంలో వచ్చే తేడా సుమారు మూడు కిలోలే. కానీ నేల ఒకే తీరుగా లేకుండా, పలకలు పెట్టిన చోటు కాస్త ఉబ్బెత్తుగా ఉందనుకోండి. ముందు చక్రాలు ఆ ఎత్తు మీదికి వచ్చినప్పుడు బండి వెనక్కి వాలుతుంది, ముందు ఇరుసు తక్కువ చూపుతుంది. బండి జరిగి వెనక చక్రాలు ఎత్తు మీదికి వచ్చినప్పుడు అది ముందుకు వాలుతుంది, ఈసారి వెనక ఇరుసు తక్కువ చూపుతుంది. రెండు చోట్లా తక్కువే కాబట్టి కూడిన మొత్తం కూడా తక్కువే వస్తుంది. పలకలు పల్లంలో ఉంటే రెండు చోట్లా ఎక్కువ వస్తుంది. రోడ్డు అంచున నీరు పోవడానికి ఇచ్చే వాలు, టైర్ల ఒత్తిడికి ఏర్పడిన గాడి, పాత మరమ్మతు తాలూకు ఉబ్బు, ఇవన్నీ నడిచేవాడి కంటికి చదునుగానే కనిపిస్తాయి. అందుకే తూచే చోటును కంటితో ఎంచకూడదు. లెవెల్ పెట్టి చూసి, ముందే గుర్తించి, రంగు గీతలు గీసి ఉంచిన చోటే తూచాలి.

ఇంతకంటే పెద్ద తేడా జంట ఇరుసుల దగ్గర వస్తుంది. పలక ఎంత పలుచగా ఉన్నా, దాని మీదికి ఎక్కిన చక్రం పక్క ఇరుసు చక్రం కంటే ఎత్తుకు పోతుంది. ఎత్తుకు పోయిన ఇరుసు స్ప్రింగు మరింత నొక్కుకుని, పొరుగు ఇరుసు మోయాల్సిన భారంలో కొంత తన మీదికి లాక్కుంటుంది. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు వంద కిలోలు అనుకుంటే, పది మిల్లీమీటర్లు అదనంగా నొక్కుకున్నందుకే పలక ఎక్కిన ఆ చక్రం మీద టన్ను పెరిగిపోతుంది. తర్వాత బండిని జరిపి రెండో ఇరుసును పలకల మీదికి ఎక్కిస్తే, అదీ అలాగే లేనిపోని భారాన్ని చూపుతుంది. రెండూ కూడితే బండిలో లేని బరువు చీటీలోకి ఎక్కుతుంది. ఇరుసుల మధ్య భారాన్ని పంచే ఈక్వలైజర్ సరిగా పనిచేస్తున్న బండ్లలో ఇంత తేడా రాదు. గాలి బుడ్డలన్నిటికీ ఒకే లైను ఉన్న ఎయిర్ సస్పెన్షన్‌లో ఇంకా తక్కువ. కానీ తుప్పు పట్టి బిగుసుకుపోయిన కమాన్ పట్టీలతో తిరిగే పాత లారీకి ఈ వెసులుబాటు వర్తించదు.

దీనికి విరుగుడు చాలా తేలిక. పలక ఎంత మందం ఉందో అంతే మందం ఉన్న ఉత్తి మ్యాట్లను, అంటే తూచని పలకలను, ఆ గుంపులోని మిగతా చక్రాల కింద వేస్తే అన్ని చక్రాలూ ఒకే మట్టంలో ఉంటాయి. ఒకసారి ఒక తనిఖీ దగ్గర వెనక జంట ఇరుసులున్న లారీని ఉత్తి మ్యాట్లు లేకుండా తూస్తుండగా చూశాను. మ్యాట్లు వాహనంలోనే ఉన్నాయి. దించి పరచడానికి సమయం పడుతుందని ఎవరూ దించలేదు. అడిగితే అభ్యంతరం చెప్పకుండా దించారు. డ్రైవరు బండిని వెనక్కి తీసి మళ్లీ నెమ్మదిగా ఎక్కించాడు. జంట ఇరుసుల తూకం అంతకు ముందు చూపిన దానికంటే స్పష్టంగా తగ్గింది. బండి అప్పటికీ హద్దు దాటే ఉంది కాబట్టి దాని మీద చర్య తప్పలేదు, కానీ ఎంత ఎక్కువ అన్న అంకె మారింది. జరిమానా లెక్కించేది ఆ అంకె మీదే కదా. ఆ రోజు తూచినవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఏం చేయాలో కాగితం మీద లేదు కాబట్టి ఎవరూ చేయలేదు, అంతే.

బ్రేకు సంగతి కూడా ఇలాంటిదే. పలకల మీదికి ఎక్కగానే డ్రైవరు సహజంగా బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగుతాడు. బండి ఆగినా టైర్లు, స్ప్రింగులు బిగుసుకుని ఉంటాయి. ఇరుసుల మధ్య తోపుడు బలం చిక్కుకుపోయి, భారం తన సహజమైన చోటికి చేరదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు వదిలి, తూకంలో లేని చక్రానికి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టి, ఇండికేటర్ మీది అంకె కదలకుండా నిలిచాకే నమోదు చేయాలి. ట్యాంకరైతే లోపలి ద్రవం ఊగడం ఆగేదాకా ఇంకాస్త ఓపిక పట్టాలి. జోడు టైర్లు రెండూ పలక మీదే పూర్తిగా ఉన్నాయా, ఒకటి అంచు దాటి నేలను తాకుతోందా అని వంగి చూడాలి. పలక కింద ఒక్క కంకర రాయి ఉన్నా పలక దాని మీద వంగి తప్పు చూపుతుంది. ఎండకు మెత్తబడిన తారులోకి పలక దిగబడినా అంతే. ఒక చీపురు, ఒక లెవెల్, నాలుగు అడ్డు చెక్కలు లేని తనిఖీ బృందం దగ్గర ఎంత ఖరీదైన కాటా ఉన్నా దాని తూకాన్ని నేను ఒప్పుకోను.

బండిని ఆపకుండా, నెమ్మదిగా దాటిస్తూ తూచే సంచార పరికరాలు కూడా ఉన్నాయి. పెద్ద వరుసలో వచ్చే లారీల్లో అనుమానించదగినవాటిని ఏరడానికి ఇవి ఎంతో పనికొస్తాయి. కానీ వీటి హద్దు మరీ ఇరుకు. తూచే పలక పొడవు ఎనభై సెంటీమీటర్లు, టైరు నేలను తాకే పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, టైరు పూర్తిగా పలక మీద ఉండే దూరం యాభై ఐదు సెంటీమీటర్లే. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో పోయినా ఆ దూరం దాటడానికి సెకనులో పది వంతులు నాలుగు మాత్రమే పడుతుంది. నిండు లారీ స్ప్రింగుల మీద సెకనుకు రెండుసార్లు ఊగుతుందనుకుంటే, ఒక్క ఊపు పూర్తి కావడానికే అర సెకను కావాలి. అంటే పలక ఒక పూర్తి ఊపును కూడా చూడలేదు. కిందికి వచ్చే ఊపు పట్టుబడితే ఎక్కువ, పైకి పోయే ఊపు పట్టుబడితే తక్కువ. ఆ మధ్యలో డ్రైవరు కాస్త బ్రేకు వేస్తే చెప్పనే అక్కర్లేదు. పైన చెప్పిన పదహారు టన్నుల లారీ, భూమ్యాకర్షణ త్వరణంలో పదో వంతు చొప్పున నెమ్మదిస్తే, దాదాపు అర టన్ను వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసు మీదికి జరుగుతుంది. ఈ కదలికలోని తూకానికి ఓఐఎంఎల్ 134వ సిఫార్సు వేరే తరగతులు పెట్టింది. అందులో ఐదో తరగతి పరికరానికి వాడుకలో ఉండగా మొత్తం బరువు మీద ఐదు శాతం వరకు తేడా అనుమతి. నలభై టన్నుల బండి మీద అది రెండు టన్నులు! అనుమానించడానికి ఆ కచ్చితత్వం సరిపోతుంది. ఒక మనిషి మీద నేరం మోపడానికి సరిపోదని నా అభిప్రాయం. అలా పట్టుబడిన బండిని ఆపి, సరైన నేల మీద నిలబెట్టి మళ్లీ తూచిన తర్వాతే మాట్లాడాలి.

ఈ జాగ్రత్తలు లారీలకే పరిమితం కావు. స్థలం మార్చాల్సిన ట్రాన్స్‌ఫార్మరు, బాయిలరు, వంతెన ముక్క వంటి పెద్ద వస్తువులను నాలుగు జాకీల మీదికి లేపి, జాకీకీ వస్తువుకూ మధ్య లోడ్ సెల్ పెట్టి తూస్తారు. వస్తువు గట్టిది, వంగనిది అయితే నాలుగింటి మీదా భారం సమానంగా పడదు. ఒక జాకీ వెంట్రుకవాసి పైకి ఉన్నా ఎదురుమూలల జత ఎక్కువ భారం మోస్తుంది, మిగతా జత తేలిపోతుంది. ఇక్కడ విశేషమేమిటంటే, నాలుగూ ఒకేసారి చదివి కూడితే మొత్తం సరిగానే వస్తుంది. జాకీల ఎత్తును బట్టి మారిపోయేవి విడి అంకెలే. కాబట్టి మొత్తం బరువు చాలునంటే ఇబ్బంది లేదు గానీ, ఆ విడి అంకెలను నమ్మి, ఒక్కో మూల ఎప్పుడూ అంతే మోస్తుందనుకుని క్రేన్ స్లింగులు, అంటే ఎత్తే తాళ్లు, అమర్చబోతే ప్రమాదం. నాలుగు కాళ్ల స్లింగు విషయంలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి, భారమంతా రెండు కాళ్ల మీదే పడవచ్చని అనుకునే జాగ్రత్తపరులు లెక్క వేస్తారు. క్రేన్ కొక్కేనికి వేలాడదీసే కాటా అయితే వస్తువు ఊగడం ఆగాలి, లాగుడు నిట్టనిలువుగా ఉండాలి.

విమానాలను తూచేవారి క్రమశిక్షణ నాకు ఎప్పుడూ ఆదర్శంగా అనిపిస్తుంది. వాళ్లు వాడేదీ ఇదే జాతి పరికరం, చక్రాల కింద పలకలో, జాకీల మీద లోడ్ సెల్‌లో. కానీ గాలి రెక్కలను ఎత్తకుండా తలుపులు మూసిన హ్యాంగర్‌లో తూస్తారు. విమానాన్ని అన్ని వైపులా మట్టం చేస్తారు. ఇంధనం ఖాళీ చేయడమో, ఎంత ఉందో కచ్చితంగా రాయడమో చేస్తారు. లోపల ఏ పరికరాలు ఉన్నాయో జాబితా జతచేసి, తూచినవారు సంతకం పెడతారు. ఏళ్ల తర్వాత ఆ కాగితం తీసినా, ఆ అంకె ఏ పరిస్థితుల్లో వచ్చిందో తెలుస్తుంది. అంత సరంజామా రోడ్డు పక్కన సాధ్యం కాదని నాకు తెలుసు. కాగితం మీది శ్రద్ధ మాత్రం సాధ్యమే.

తూచకుండా రాసిన బరువును నమ్మితే ఏమవుతుందో సముద్ర రవాణా మనకు చూపింది. 2007 జనవరిలో ఎంఎస్‌సీ నాపోలీ అనే కంటైనర్ ఓడ ఇంగ్లిష్ ఛానల్‌లో తుఫానులో చిక్కి, పొట్ట చీలి, చివరికి తీరం దగ్గర ఇసుకలో నిలిచిపోయింది. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ, డెక్ మీద తడవకుండా మిగిలిన 660 కంటైనర్లను పరిశీలించింది. వాటిలో 137 కంటైనర్ల అసలు బరువుకూ కాగితాల్లోని బరువుకూ మూడు టన్నులకు మించిన తేడా ఉంది. ఒక్క కంటైనర్‌లోనే అత్యధికంగా ఇరవై టన్నుల తేడా కనిపించింది. ఆ 137 కంటైనర్లు కలిసి కాగితాల లెక్క కంటే 312 టన్నులు ఎక్కువ తూగాయి. ఓడ పొట్ట బలహీనతే మొదటి కారణమైనా, బరువుల అబద్ధం చిన్న విషయం కాదు. తర్వాత అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందాన్ని సవరించి, నింపిన ప్రతి కంటైనర్ బరువునూ నిర్ధారించి ఓడకు చెప్పడాన్ని 2016 జులై 1 నుంచి తప్పనిసరి చేశారు. నింపాక తూచవచ్చు, లేదా లోపలి సరుకునంతా విడిగా తూచి ఖాళీ కంటైనర్ బరువు కలపవచ్చు. వేబ్రిడ్జి దగ్గర్లో లేని సరుకు గిడ్డంగులకు, కంటైనర్ నాలుగు మూలలకూ తగిలించి కొద్దిగా ఎత్తి తూచే సంచార జాకీలు ఈ నియమంతో బాగా అక్కరకు వచ్చాయి. నియమంలో నాకు నచ్చింది ఒకటుంది: బరువు చెప్పే బాధ్యతను సరుకు పంపేవారి మీద పెట్టారు, మోసేవారి మీద కాదు.

రోడ్డు మీద దీనికి తలకిందుగా జరుగుతోంది. లారీలో ఎంత పోయాలో నిర్ణయించేది సరుకు యజమాని, లోడింగు చేయించేవాడు. పలకల మీద నిలబడి తలవంచుకునేది డ్రైవరు. లోడు ఎక్కించేటప్పుడు తన బండి ఎంత తూగుతోందో తెలుసుకునే వీలు చాలా చోట్ల అతనికి లేదు. తడి ఇసుక, పొడి ఇసుక చూపుకు ఒకే కుప్ప. తూకంలో మాత్రం ఎంతో తేడా. క్వారీ దగ్గర, గిడ్డంగి దగ్గర, నిర్మాణ స్థలంలో ఒక జత సంచార పలకలు ఉంచితే, దారిలో పట్టుకోవాల్సిన తప్పు బయలుదేరే ముందే ఆగిపోతుంది. అక్కడ తూచినప్పుడు వంద కిలోల తేడా ఉన్నా నష్టం లేదు, ఆ మేరకు సరుకు తక్కువ వేసుకుంటే సరిపోతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండ్లలో గాలి పీడనాన్ని బట్టి ఇరుసు భారాన్ని డ్రైవరు కళ్లెదుటే చూపే పరికరాలు కూడా ఉన్నాయి. తనిఖీలో పట్టుకునే పలకల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఈ వైపు మళ్లాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తనిఖీలో ఇచ్చే తూకం చీటీ ఎలా ఉండాలో ఇక చెబుతాను. పరికరం క్రమసంఖ్య, దానికి చివరిగా ముద్ర వేసిన తేదీ, అది ఎన్ని కిలోల అంచెల్లో చూపుతుంది, దాని తరగతి ఏమిటి అన్నవి అందులో ఉండాలి. చక్రాలన్నీ ఒకేసారి తూచారా, ఇరుసు తర్వాత ఇరుసు తూచి కూడారా, కదులుతుండగా తూచారా అన్నది స్పష్టంగా రాయాలి. మిగతా చక్రాల కింద మ్యాట్లు వేశారా, బ్రేకు వదిలారా, ముందూ తర్వాతా సున్నా చూశారా అన్నది టిక్కు పెట్టే గడులుగా ఉంటే చాలు. గడి ఖాళీగా ఉందంటే ఆ పని చేయాలన్న సంగతి తూచేవారికే గుర్తొస్తుంది. చదివిన అంకె నుంచి అనుమతించిన తేడాను తీసివేసి, మిగిలినది హద్దు దాటితేనే చర్య తీసుకోవాలి. ఫలితం మీద అనుమానం ఉన్న డ్రైవరుకు, బండిని మళ్లీ ఎక్కించి రెండోసారి తూయించుకునే హక్కు ఉండాలి, ఆ రెండు అంకెలూ చీటీ మీద ఉండాలి. ఇందులో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. తూచడానికి మరికొన్ని నిమిషాలు పడతాయి, అంతే. దానివల్ల కోర్టులో నిలబడని కేసులు తగ్గుతాయి, నిజంగా ఎక్కువ బరువు వేసినవాడు కాటా మీద నెపం పెట్టి తప్పించుకునే దారీ మూసుకుపోతుంది.

పత్రికగా మీరు చేయగలిగింది కూడా ఉంది. అధిక బరువు వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఆ చీటీని అడిగి చూడాలి. శాశ్వత వేబ్రిడ్జి మీద వచ్చిన అంకెను, పలకల మీద వచ్చిన అంకెను, కదులుతుండగా వచ్చిన అంకెను ఒకే గాటన కట్టకుండా ఏది ఏదో పాఠకుడికి చెప్పాలి. పలకల మీద వచ్చిన బరువును కిలోల దాకా రాయడం మానేసి, దగ్గరి వంద కిలోలకు సర్ది, అనుమతించిన తేడాతో సహా ఇవ్వాలి. లోడు వేయించింది ఎవరన్న ప్రశ్నను డ్రైవరు పేరు కంటే ముందు వేయాలి.

భవదీయుడు,
తూనిక పరికరాల పరీక్షలో పనిచేస్తున్న ఒక పాఠకుడు